ఖాళీ యార్డులో చూసిన సిగ్నల్

జమ్మలమడుగు బండల ఫ్యాక్టరీలో నేను పెట్టిన వైఫై ఎందుకు చచ్చిందో అప్పట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పనందుకు ఒక మనిషి పని పోయింది. ఆ ఘనకార్యం ఇప్పుడు చెబుతాను, కడుపుబ్బా నవ్వుకోండి.

అప్పుడు నాకు ప్రొద్దుటూరులో చిన్న కంప్యూటర్ షాపు, పెద్ద నోరు ఉండేవి. గేటు దగ్గరి ఆఫీసునూ, యార్డు చివరి లోడింగ్ షెడ్డునూ కలపమని ఫ్యాక్టరీ యజమాని ఓబుల్‌రెడ్డి పిలిపించాడు. అక్కడి ఎలక్ట్రీషియన్ దావీదు మామ ఒకే మాట అన్నాడు.

"కేబులు లాగప్పా. ఈడ గాలిని నమ్ముకుంటే పని జరగదు."

"నువ్వింకా లాంతర్ల కాలంలోనే ఉండావు మామా" అన్నాను.

ముందురోజే లారీలు సరుకంతా ఎత్తుకుపోయాయి. యార్డు పెళ్ళివాళ్ళు ఖాళీచేసిన కల్యాణమండపంలా ఉంది. వైఫై పెట్టేసి, షెడ్డులోని కంప్యూటర్‌లో మీట నొక్కితే ఆఫీసులో బిల్లు వచ్చింది. రెడ్డి నా భుజం తట్టాడు. నేను పూరీలా పొంగాను.

వారం తిరక్కుండా కొత్త బండలు కోసి, యార్డు నిండా నిలువెత్తు వరసలు పేర్చారు. సిగ్నల్ మాయం. గుమాస్తా సుబ్బయ్య చీటీలు పట్టుకుని షెడ్డుకూ ఆఫీసుకూ పరుగులు.

"నీ కంప్యూటర్లకు నేనే వైరైతినే" అన్నాడు నన్ను చూసి, రొప్పుతూ.

ఫోను పట్టుకుని తిరిగాను. సందుల్లో సిగ్నల్ ఉంది, బండల వెనక లేదు. విషయం నాకు అర్థమైంది. నోటికి మాత్రం అర్థం కాలేదు.

"ఏందప్పా ఇది? లారీలు నిలబడిపోయినాయి" అన్నాడు రెడ్డి.

"కరెంటు వైరింగు శానా చెడిపోయిందన్నా" అన్నాను.

వైఫై పెట్టలేక వైరింగు ఓడన్నట్టు. ఆ వైరింగు దావీదు మామ చేసింది. రెడ్డి ఆరోజే మామను మాన్పించాడు. నేనేమో మామ చెప్పిన కేబులే లాగి, కొత్త టెక్నాలజీ అని మెప్పు కొట్టేశాను.

మామ ఇల్లిల్లూ తిరిగి ఫ్యాన్లు బాగుచేసుకుంటున్నాడని విన్నాక నాకు ముద్ద దిగలేదు. ఏడాదికి ధైర్యం కూడగట్టుకుని, ఇంటికి పోయి ఒప్పుకున్నాను.

"నాకు తెలుసులేప్పా" అన్నాడు మామ. "నాకు చెప్తే ఏమొస్తాది? యాడ నా పేరు చెడగొట్టినావో, ఆడ చెప్పు."

ఇద్దరం పోయాం. రెడ్డి కోత మిషన్ పక్కన నిలబడి ఉన్నాడు.

"తప్పు నాదన్నా" అన్నాను మెల్లగా.

"ఏంది?"

"తప్పు నాదీ అంటాండా."

"మిషన్ మోతలో ఇనపల్యా. గట్టిగా చెప్పప్పా."

గుండెల నిండా గాలి పీల్చుకుని గొంతెత్తాను. సరిగ్గా అప్పుడే బండ తెగి మిషన్ ఆగింది. కూలీలు, డ్రైవర్లు, సుబ్బయ్య, గేటు బయట టీ తాగేవాళ్ళు, అందరూ విన్నారు.

"దావీదు మామ వైరింగు మంచిదే, అబద్ధం చెప్పింది నేనే. సరుకు నిండిన యార్డు చూడకుండా ఈ జన్మలో ఇంగ వైఫై పెట్టను. నన్ను మన్నించు మామా!"