రాజు లేని ఊళ్ల మేడమ్

ఈ రోజు ఉదయం ఫ్రీమాంట్‌లోని మా ఆఫీసులో ఒక తప్పు చేశాను. మేం ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ తయారుచేస్తాం. అందులో చిన్న ఆసుపత్రుల నర్సులు వాడే భాగాన్ని నెలాఖరుకు ఆపేస్తున్నామని మీటింగులో ప్రకటించాను. రెండేళ్లుగా దాన్ని చూసుకుంటున్న సింధు చెయ్యెత్తి, "ప్రసాద్ గారూ, ఒక్క పాయింట్..." అంది. "తర్వాత విడిగా, ఆఫ్‌లైన్‌లో చూద్దాం" అని బోర్డు వైపు తిరిగాను. ఆ అమ్మాయి చెయ్యి దించేసింది. అందరూ వెళ్లాక, మూత పెట్టడం మరిచిన మార్కర్ ఘాటు ముక్కుకు తగిలింది. ఇరవై ఏళ్ల కిందట పిస్కాటవేలో చదువుకునేటప్పుడు మా ప్రొఫెసర్ ఎన్గోజీ గది అచ్చం ఇలాగే వాసన వేసేది.

ఆమెది నైజీరియా, ఇగ్బో జాతి. తెల్లవాళ్ల పాలనకు ముందున్న పశ్చిమాఫ్రికా చరిత్ర చెప్పేవారు. నేను కంప్యూటర్ సైన్స్ విద్యార్థిని. ఆమె క్లాసుకు కావలసిన పెద్ద పటాలకు మార్కర్లతో రంగులు వేసే చిన్న ఉద్యోగం దొరికింది. ఆఫ్రికా గురించి నాకేమీ తెలియదు. తెలియదని ఒప్పుకునే అలవాటూ లేదు. మొదటి పటంలో అక్కడి రాజ్యాలకు, అంటే అసాంటేకు పసుపు, ఓయోకు ఎరుపు, బెనిన్‌కు ఆకుపచ్చ వేసి గర్వంగా చూపించాను. ఆమె కళ్లజోడు సవరించుకుని, నైజర్ నదికి తూర్పున నేను తెల్లగా వదిలేసిన చోట వేలు పెట్టారు.

"ఇక్కడేంటి, చెరువా?"

"కాదు మేడమ్. అక్కడ రాజ్యం లేదని పుస్తకంలో ఉంది. అందుకే ఖాళీ వదిలేశాను."

"మా అమ్మమ్మ ఊరు అక్కడే. పాపం, ఆవిడ కాగితం మీద తేలుతూ బతికిందన్నమాట!"

పకపకా నవ్వి, కుర్చీ చూపించి కూర్చోమన్నారు. అక్కడి చాలా ఊళ్లలో రాజు ఉండేవాడు కాడట. ఊరంతా ఒకచోట చేరేది. చెప్పదలుచుకున్నవాళ్లు చెప్పేవారు. ఆ తర్వాత కొందరు పక్కకు వెళ్లి, విన్నదంతా కలబోసి ఒక తీర్పుతో తిరిగొచ్చేవారు. ఊరు అరిచి కాదంటే మళ్లీ మొదటికి. ఆడవాళ్లకు వేరే సభ ఉండేది. భార్యను హింసించిన మగవాడి ఇంటి ముందు వాళ్లు గుంపుగా చేరి, అతని తప్పులన్నీ పాటలు కట్టి పాడేవారు. అతను ఒప్పుకునేదాకా కదిలేవారు కారు. "నీ ఇంటికి వచ్చే అవసరం రాకూడదని కోరుకుంటున్నాను, ప్రసాద్" అన్నారు నవ్వుతూ. అంతలోనే గొంతు మార్చి, "అలాగని స్వర్గం అనుకోకు. బానిసలకు ఆ సభలో నోరు లేదు. అది కూడా రాసుకో" అన్నారు.

రాజులున్న చోట్ల సంగతీ ఆమే చెప్పారు. అసాంటేలో కొత్త నాయకుడిని పీఠం ఎక్కించే రోజున, మమ్మల్ని తిట్టకు, మా సలహా లేకుండా ఏమీ చెయ్యకు అని జనం అతనికే ఆంక్షలు పెట్టేవారట. మాట తప్పితే దించేసేవారు. పీఠం మీద కూర్చున్నవాడు అన్నీ తనకే తెలుసనుకుంటాడని వాళ్లు ముందే పసిగట్టారు. నాకు అర్థం కావడానికి ఇన్నేళ్లు పట్టింది.

ఒకరోజు క్లాసునే ఊరుగా మార్చారు. లైబ్రరీని ఆదివారాలు మూసేయాలా వద్దా అన్నది తగువు. అందరూ మాట్లాడాక నన్నూ మరో ఇద్దరినీ వరండాలోకి పంపారు. నేను ఆ ఇద్దరినీ నోరెత్తనీయకుండా నా అభిప్రాయాన్నే తీర్పుగా తెచ్చి చదివాను. క్లాసంతా గోల. "మళ్లీ బయటికి" అన్నారు మేడమ్. రెండోసారీ గోలే. మూడోసారి నన్ను గుమ్మంలోనే ఆపారు.

"చివరి వరసలో ఆ అమ్మాయి ఏమంది?"

ఆలోచించాను. "గుర్తు లేదు మేడమ్."

"ఒకే ఒక్క వాక్యం చెప్పింది. తను ఆదివారం మాత్రమే రాగలనని. నీకు గుర్తు లేదు, ఎందుకంటే నువ్వు నీ వంతు కోసం చూస్తున్నావు."

అందరూ నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు. ఆ రోజు ఆమె మీద కోపం వచ్చింది. చదువయ్యాక కాలిఫోర్నియా వచ్చేశాను. ఒకసారి ఆమె నుంచి మెయిల్ వచ్చింది, ఎలా ఉన్నావని. రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అనుకుంటుండగానే ఆమె పోయారని తెలిసింది. ఆ జవాబు ఇప్పటికీ రాయలేదు.

మధ్యాహ్నం సింధు సీటు దగ్గరికి వెళ్లాను.

"పొద్దున నీ మాట కట్ చేశాను. తప్పు నాది."

"అయ్యో, పర్లేదు ప్రసాద్ గారూ. డెసిషన్ అయిపోయింది కదా."

"అవ్వలేదు. వెనక్కి తీసుకుంటున్నాను. ఆ పాయింట్ ఏంటి?"

నా ముఖంలోకి అనుమానంగా చూసింది. "నిజంగా వింటారా? లాంగ్ స్టోరీ అండీ. మూడు హాస్పిటల్స్‌లో ఇది తప్ప నర్సులకి ఇంకోటి లేదు. ఆపేస్తే మళ్లీ మందుల లెక్క చేత్తో రాసుకోవాలి."

"నాకొక్కడికే వద్దు. అందరి ముందూ చెప్పు."

నాలుగింటికి అందరినీ మళ్లీ పిలిచాను. పొద్దున ఆమె మాట విననందుకు అందరి ముందే క్షమాపణ అడిగి, బోర్డు దగ్గర కాకుండా చివరి కుర్చీలో కూర్చున్నాను. సింధు పావుగంట మాట్లాడింది. తర్వాత ఒక్కొక్కరే. మధ్యలో రెండుసార్లు నాకు నాలుక దురద పెట్టింది. నోరు మూసుకుని, ఎవరు ఏమన్నారో పేరు పేరునా రాసుకున్నాను. చివరికి ఎవరో "నువ్వేమంటావ్ ప్రసాద్?" అని అడిగారు. నేను కాగితం చూసి, సింధు చెప్పిన మాటతో మొదలుపెట్టి, అందరి మాటలూ వరసగా చదివాను.