యాట కోసిన నాడు

తొంభై నాలుగు ఎండాకాలం. పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీకి గోదాము కడుతున్నారు. స్లాబు తడపడం బక్కమ్మ పని. బిందెలతో మెట్లెక్కీ దిగీ ఆమె మోకాళ్లు అరిగిపోయాయి గానీ, స్లాబు మాత్రం ఏనాడూ ఎండలేదు.

ఆ రోజు ఖాళీ బిందెతో దిగేసరికి, కింద మగవాళ్లు స్లాబును మోసే సెంట్రింగ్ కర్రలు లాగేస్తున్నారు. అప్పటికే రెండు తీసేశారు. స్లాబు కింద తొమ్మిది మంది. అందులో ఆమె పెనిమిటి మొగులయ్య ఒకడు.

"ఆపుర్రి! పచ్చి స్లాబు, మీద పడ్తది!"

కొత్త ఇంజనీరు వీర్రాజు విసుక్కున్నాడు. "పిల్లరు మీద తారీఖు ఉంది కదమ్మా. పద్దెనిమిది రోజులైంది. నీకు చదవడం వచ్చా?"

రాదు. "అది పిల్లరు పోసిన తారీఖు సారూ. స్లాబు అటెన్క శానా దినాలకు పోసినం."

మేస్త్రీ నర్సన్న కోర్టు వాయిదాకు సంగారెడ్డి పోయాడు. వీర్రాజు చేరి మూడు రోజులే. ఇంకొకరిని అడగడమంటే నామోషీ. "మీరు కానివ్వండి" అన్నాడు.

మూడో కర్రకు సుత్తి తగిలింది. బక్కమ్మ ఉరికిపోయి ఆ కర్రను వాటేసుకుంది. "నన్ను గూడ కలిపి గుంజుర్రి ఇగ!"

మొగులయ్య సుత్తి కింద పడేశాడు. అందరి చేతులూ ఆగిపోయాయి.

"రేపటి నుంచి పనిలోకి రాకు!" వీర్రాజు అరిచాడు. బక్కమ్మ కర్ర మాత్రం వదల్లేదు.

అప్పుడే కాంట్రాక్టరు సూర్యారావు స్కూటరు దిగాడు. సంగతి విని నేరుగా ఆమెనే అడిగాడు. "స్లాబు ఎప్పుడు పోశాం బక్కమ్మా?"

"యాట కోసి బువ్వ పెట్టినవ్ గద సారూ, గా నాడే. తెల్లారి అంగడాయె. మల్ల అంగడి ఇయ్యాల్నే."

స్లాబు పడిన రోజు మేకనో గొర్రెనో కోసి కూలీలకు మాంసం భోజనం పెట్టడం ఆనవాయితీ. ఆ రోజు వడ్డించింది సూర్యారావే. అంగడంటే వారానికోసారి జరిగే సంత; లెక్క వేసుకుంటే ఎనిమిది రోజులే! ఆయన అందరినీ బయటికి పంపి, నలుగురు పాత మనుషులతో తానే లోపలికి వెళ్లి ఆ రెండు కర్రలూ మళ్లీ నిలబెట్టించాడు.

తర్వాత ఆ చుట్టుపక్కల ఆయన చాలా షెడ్లు కట్టాడు. మిక్సర్లు, లారీలు ఎవరికైనా ఉంటాయి. కూలిమనిషి ఆపమంటే పని ఆగడం మాత్రం ఆయన దగ్గరే ఉండేది.

ఇంకో స్లాబు కర్రలు తీసేనాడు వీర్రాజే బక్కమ్మను పిలిచి, తారీఖు పైకి చదివాడు.

"అది పిల్లరుదా సారూ, స్లాబుదా?"

"స్లాబుదే బక్కమ్మా."

"మల్లొకపారి సదువు" అంది.