మూడో సూది ఇవ్వని మేడం

స్పిరిట్ దూది వాసన ఎక్కడ తగిలినా నాకు ముత్తంగిలోని ఆ రెండు గదుల దవాఖానా, అందులో రెహానా మేడం గుర్తొస్తారు. చదువు పూర్తికాగానే ఆవిడ దగ్గర డాక్టరుగా చేరాను. మణికట్టు, వేళ్ల నొప్పులకు స్టెరాయిడ్ సూది వేయడంలో నా చేయి మంచిదని అందరూ అనేవారు. నేనూ నమ్మేశాను. మా దగ్గరికి వచ్చే యాదమ్మ అనే ఆమె బొల్లారంలో ఒక మందుల కంపెనీలో సీసాలకు మూతలు బిగించేది. బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన నొప్పి. ఒక సూది వేస్తే వారంలో తగ్గింది. తగ్గిందని ఓవర్‌టైం కూడా చేసింది. రెండు నెలలకు మళ్లీ వస్తే మళ్లీ వేశాను. మూడోసారి వచ్చినప్పుడు మందు సిరంజిలోకి తీస్తుంటే మేడం వచ్చారు.

"జెర ఆగు బేటా. ఆమె ఆ చేతితోటి ఏం పని చేస్తదో చూసినవా?"

చూడలేదు. మేడం ఒక ఖాళీ సీసా ఇచ్చి, రోజూ ఎలా బిగిస్తావో చూపించమన్నారు. యాదమ్మ బొటనవేలు నొక్కిపట్టి మణికట్టును విసురుగా తిప్పింది. షిఫ్టు మొత్తం అదే పని. సూది పడిన చోట చర్మం తెల్లబడి పలచబడి ఉంది. అది నా మంచి చేతి చలవేనని అప్పుడు గమనించాను.

"ఇంకో సూది వద్దు. పట్టీ కట్టుకొని ఆరు వారాలు ఈ పని బంద్ పెట్టాలె," అన్నారు మేడం.

"బంద్ పెడితే నన్ను తీసేస్తరు మేడం. సూదే ఇయ్యుండ్రి, మీకు దండం పెడ్త," అంది యాదమ్మ.

నాకైతే ఇచ్చేయాలనిపించింది. మేడం వాదించలేదు. ఓపీ అవగానే నన్ను వెంటబెట్టుకొని షేర్ ఆటోలో కంపెనీ గేటుకు వెళ్లారు. గంటసేపు ఎండలో నిలబడ్డాక సూపర్‌వైజర్ వచ్చాడు. మేడం సంగతంతా చెప్పారు.

"రెండు సూదులిచ్చినా తగ్గలేదంటే, ఆమె ఇగ పనికి రానట్టే గద మేడం?" అన్నాడు. నేను మేడం వైపు చూశాను.

"తప్పు ఆమె చేతిది కాదు సార్, మాది. మొదటి సూదప్పుడే పట్టీ కట్టి, పని మార్చమని రాసియ్యాల్సి ఉండె. రాయలేదు. ఇప్పుడు రాసిస్తున్న. ఆరు వారాలు లేబుళ్లు అంటించే పని మీద పెట్టుండ్రి."

ఆ రెండు సూదులప్పుడూ మేడం గదిలోనే లేరు. అతను గొణుక్కుంటూనే చీటీ తీసుకున్నాడు. యాదమ్మ ఉద్యోగం నిలిచింది, చేయి మెల్లగా దారికొచ్చింది. తిరుగు ఆటోలో నేను క్షమించమని అడగబోతే, "ఆకలైతుంది, ఎక్కడన్న సమోసా తిందాం," అన్నారు. మళ్లీ ఏనాడూ ఆ మాట ఎత్తలేదు.

మేడం ఇప్పుడు లేరు. నా తొలి గురువుగా ఆవిడ దొరకడం నా అదృష్టం. అవసరమైనవాళ్లకు నేను ఇప్పటికీ సూది వేస్తాను, అది మంచి మందే. ముందు పని చూపించమంటాను, పట్టీ కడతాను, చీటీ రాస్తాను. అవి తేలిగ్గానే అలవాటయ్యాయి. నా దగ్గర పనిచేసే డాక్టర్లు పొరబడినప్పుడు "తప్పు మాది" అంటాను కూడా. అనేముందు మాత్రం ఒక్క క్షణం నా నోరు తటపటాయిస్తుంది. ఆ రోజు గేటు దగ్గర మేడం తటపటాయించలేదు.