గంజిలో కలిసిన జెల్

ఇప్పుడు నేను చెప్పబోయేది ఒక మహాకావ్యం. ఇందులో తపస్సు ఉంది, ద్రోహం ఉంది, వీధంతా చూస్తుండగా జరిగిన సర్వనాశనం ఉంది. నిజానికి అంత లేదు. ఒక గిన్నెడు జెల్ పోయింది, అంతే. కానీ అది నా ఫైనలియర్ ప్రాజెక్టు, వైవా ఆ రోజే. అందుకని నాకు మాత్రం కావ్యం లాగే కనబడింది.

నేను కడపలో బీఫార్మసీ చదువుతున్నాను. మా ఇల్లు బద్వేలు దారిలో ఒక నేత వీధిలో ఉంది. నా ప్రాజెక్టు, నొప్పి మందును మింగించకుండా చర్మం గుండా లోపలికి పంపే జెల్. "మింగితే పోయేదానికి రాసుకునేదెందుకురా?" అంది మా అవ్వ. ఆ ప్రశ్నకు జవాబుగా నేను ఒక లావుపాటి రిపోర్టు రాశాను. అవ్వ చదవలేదు. మా గైడ్ కూడా చదివినట్టు లేదు.

వైవా ముందు శని, ఆదివారాలు ల్యాబుకు సున్నం కొడుతున్నారు. జెల్ ఇంటి దగ్గరే చేసుకుని రమ్మన్నాడు గైడ్. మందు కలపడం మాత్రం సోమవారం పొద్దున ల్యాబులో, ఆయన ముందరే. మందు లేని జెల్ అంటే పెళ్లికొడుకు లేని ఊరేగింపు. అయినా ఊరేగింపుకు తయారీ తప్పదు కదా.

శనివారం జెల్ కట్టే పొడిని డిస్టిల్డ్ వాటర్‌లో చల్లి నానబెట్టాను. మరునాడు పుదీనా వాసనొచ్చే మెంతాల్ కలిపి, చివర్న గట్టిపరిచే ద్రావకం చుక్కలు చుక్కలుగా వేసి తిప్పితే, అంతవరకూ నీళ్లలా ఉన్నది ఒక్కసారిగా చిక్కబడింది. నేను పొంగిపోయాను. అవ్వ తొంగి చూసింది.

"గంజి కాస్తాండావా?"

"గంజి కాదవ్వా, జెల్."

"పొయ్యి లేకుండా కాసిన గంజి. అంతే కదా?"

లోపలి బుడగలు పోవాలని గిన్నె మీద పళ్లెం మూసి, వంటింటి గూట్లో పెట్టి పడుకున్నాను.

పొద్దున్నే మా నాయన పడుగు సాచాడు. అంటే చీరకు నిలువు పోగులన్నీ వీధి పొడుగునా లాగి కట్టి, గంజి పట్టించి, పెద్ద కుంచెతో దువ్వడం. ఎండ ముదిరేలోపల అయిపోవాలి. ఆ రోజు గంజి పలచనయిందట. అవ్వ గూట్లోకి చూసింది. మా ఇంట్లో అబద్ధమాడితే క్షమిస్తారు గానీ గంజి పారబోస్తే క్షమించరు. ఉన్న గంజిని పెట్టుకుని మళ్లీ కాయడం ఏమిటని, నా జెల్‌ను బకెట్లోకి వొంపేసింది.

నాకు మెలకువ వచ్చేసరికి వీధంతా పుదీనా వాసన. నాయన కళ్లనీళ్లు కారుస్తూ పడుగు దువ్వుతున్నాడు. ఎదురింటాయన అరుగు మీద కూర్చుని అడిగాడు.

"ఏమప్పా, పడుగుకు జలుబు చేసిందా?"

"అవునప్పా. నిమ్మళించినాక మగ్గమెక్కిస్తా."

నేను వంటింట్లోకి ఉరికాను. "అవ్వా, నా గిన్నె యాడ?"

"ఈడనే ఉండాది, తోమబోతాండా."

ఆమె చేతిలోంచి లాక్కున్నాను. గోడలకు అంటుకున్నదంతా గీకితే ఒక చెంచాడు వచ్చింది.

"గంజి మాదిరి ఉండేదాన్ని గంజి గిన్నెలో పెడితే నాకేమన్నా కలొస్తాదా?" అంది అవ్వ. చూస్తే అది నిజంగానే గంజి గిన్నె. కావ్యంలో ద్రోహి ఎవరో అప్పుడే అనుమానం వచ్చింది గానీ, ఆ సంగతి తేల్చడానికి టైం లేదు.

"పోగులు అంటుకుంటే నువ్వే విడదీస్తావులే, అంత చదువుకుంటివి," అన్నాడు నాయన వెనక నుంచి. పోగులు అంటుకోలేదు. పడుగు మామూలుగానే ఆరింది.

నేను చెంచాడు జెల్‌ను చిన్న సీసాలో వేసుకుని కాలేజీకి పోయాను. పొడి మిగల్లేదు, మళ్లీ చేసే దారి లేదు. మందు తూచే లోపలే పరీక్షకు బయటినుంచి వచ్చే సారు దిగిపోయాడు. "ఉన్నది చూపించు, ఉన్నమాట చెప్పు," అన్నాడు గైడ్, ఫ్యాన్ వైపు చూస్తూ.

సారు కర్నూలు నుంచి బస్సులో కూర్చునే నిద్రపోయి వచ్చాడట, మెడ పట్టేసి ఒకవైపుకే తిరుగుతోంది. నేను నోరు తెరిచేలోపలే సీసా మూత తీసి, వేలితో జెల్ తీసుకుని మెడకు రాసేసుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు.

"ఆహా. లాగేస్తాంది బాబూ నొప్పిని. శానా బాగా చేసినావు."

"సార్, అందులో మందు లేదు."

సారు చెయ్యి మెడ మీదే ఉండిపోయింది.

"మందు యాడ పోయింది?"

"మందు బీరువాలోనే ఉంది సార్. జెల్ మా నాయన పడుగు మీద ఉంది."

మొత్తం చెప్పాను. అవ్వ మాటలు చెప్పేటప్పుడు సారు నవ్వాపుకోలేక దగ్గాడు. రిపోర్టు నుంచి రెండు ప్రశ్నలు అడిగాడు. గంజి సంగతి కాకుండా జెల్ సంగతి కూడా నాకు కొంత తెలుసని నమ్మి, పాస్ మార్కులు వేసి సంతకం పెట్టాడు. నేను గాల్లో తేలుతున్నాను. ఆయన లేవబోతూ "అబ్బా" అని మళ్లీ మెడ పట్టుకున్నాడు.

మెంతాల్ చర్మానికి కాసేపు చల్లగా అనిపిస్తుంది. నొప్పి తగ్గాలంటే జెల్‌లో మందు కూడా ఉండాలి.