ఎర్రజెండా గూటం జరపమని అడగను హొసకోట క్యాంపుకు పోయిన దారి

మా పక్కోళ్లు ఎవురైనా టవర్ల కంపెనీ క్యాంపుకు పోవాల్సి వస్తే తెలుస్తాదని చెప్తాండా. నాకు మనుషుల ముందర మాట సరిగా రాదు, బడికి గూడా నాలుగో తరగతి వరకే పోయినా. మాది నాగలమడిక పక్కన ఊరు. మా శెనక్కాయల చేన్లో పోయిన వారం ఫారిన్ కంపెనీ వాళ్లొచ్చి టవరు కాళ్లకని నాలుగు గూటాలు కొట్టి, ఒక్కోదానికి ఎర్రగుడ్డ కట్టి పోయినారు. టవర్ల మింద కరెంటు పోతాదంట, అన్నిటికన్నా పైన పోయే తీగ లోపల గాజుపోగు పెట్టి దాంట్లో ఫోను మాటలు గూడా పంపిస్తారంట. పోనీలే, మంచిదే. కానీ నాలుగో గూటం సరిగ్గా మా అమ్మను పూడ్చిన చోట పడింది.

అమ్మకు చేతుల మింద, మెడ మింద బొల్లి ఉండె. మా దిక్కు బొల్లి ఉండేవాళ్లు చచ్చిపోతే కాల్చాల, పూడిస్తే వాన రాదంటారు. అమ్మకేమో నిప్పంటే భయం. నన్ను కాల్చొద్దని నాయన చెయ్యి పట్టుకొని అడిగింది. ఏరు అవతల వాళ్ల పుట్టింట్లో పానం పోయింది. నాయన బండ్లో తెచ్చి చేన్లోనే పూడ్చినాడు, ఊర్లో మాత్రం ఆడనే కాల్చొచ్చినామని చెప్పినాడు. ఆ యేటి నుంచి వాన లేదు. గుంతలు తవ్వే కూలోళ్లు రేపో ఎల్లుండో వస్తారని తెలిసినాక, నాయన మేకలు మేపినట్టు ఆ గూటం కాడనే కూర్చున్నాడు. నువ్వు పోయి జరపమని అడుగప్పా, నేను ఈడ లేకుంటే ముందే తవ్వేస్తారేమో అన్నాడు.

పొద్దున్నే మొదటి బస్సుకు నాగలమడికలో ఎక్కినా. పావగడకు రెండు రూపాయలు. బస్సు నిండా మూటలు, బిందెలు. ఇండ్లకు బీగాలేసి బెంగళూరుకు కూలికి పోయేవాళ్లే. కండక్టరు నన్ను చూసి, “ఏమప్పా, నువ్వు గూడా పోతాండావా? ఊర్లో కుక్కలకన్నా చెప్పొచ్చినారా లేదా?” అన్నాడు. అందరూ నగినారు, నేను కిటికీ దిక్కు తిరుక్కున్నా. పావగడలో దిగి ఒక టీ, ఒక బన్ను. హొసకోట బస్సు ఎప్పుడొస్తాదో ఆడ ఎవురికీ తెలీదు, నీడ చూసుకొని కూర్చోవాల్సిందే. దానికి మూడు రూపాయలు. దారి పొడుగునా శెనక్కాయల చేన్లు మొలకెత్తి మాడిపోయినాయి, మేకలు గూడా వాటి దిక్కు చూడ్లేదు. హొసకోటలో దిగి, అంగళ్లు దాటి అరగంట నడిస్తే క్యాంపు కనిపిస్తాది. ఇనుప కమ్ముల గుట్టలు, సిమెంటు మూటలు, గుడిసంత ఎత్తు తీగ చుట్టలు ఉంటాయి, తప్పిపోరు.

లోపలికి పోకుండా బయటనే తిరుగులాడినా. వంట చేసే రేకుల షెడ్డు కాడ నిలబడితే, వంట చేసే తాత పిలిచినాడు. మడకశిర దిక్కాయన, తెలుగే. అడక్కుండానే రాగిముద్ద, నంజుకోను ఊరిబిండి పెట్టినాడు. పనికొచ్చినావా అంటే కాదన్నా. గూటం సంగతని చెప్తే, రోజూ పదిమందొస్తారు, నా భూమిలో వద్దంటే వినరు అన్నాడు. నేను లేసి పోబోతే చెయ్యి పట్టుకున్నాడు.

“గుడి, బావి, సమాధి. ఈ మూడింటికి జరుపుతారు. ఈడ పెద్ద ఇంజనీరు తెల్లాయన, కానిస్టేబులు మాదిరి గదమాయించడు, మంచోడు. ఏముండాది నీ చేన్లో?”

“సమాధి.”

“మరి ఇంతసేపు ముద్ద మెక్కుతా కూర్చున్నావేందిరా? పో, చెప్పు.”

సూపర్‌వైజరు కన్నడాయన, తెలుగు గూడా బాగానే మాట్లాడ్తాడు. చేన్లో సమాధి ఉండాదంటే ఎవురిది అని అడిగినాడు. మా అమ్మది అంటే, గుడారంలో ఉండే తెల్లాయనకు పోయి చెప్పినాడు. తెల్లాయన పటం పరిచి చూసి, పెన్సిలుతో టవరును రవ్వంత పక్కకు జరిపినాడు. అంతే, అంత సులువు. నాకు ఏడుపొచ్చింది. ఆయన నా భుజం తట్టి జీపు తీయమన్నాడు, ముగ్గురం ఎక్కినాం. నాయనకు ఎట్లా చెప్పాలా అని మాటలు పేర్చుకుంటా కూర్చున్నా.

పావగడ దాటినాక సూపర్‌వైజరు మీ ఊరి గౌడప్ప ఇల్లు యాడ అని అడిగినాడు. ఊర్లోకి వద్దు సార్, ఏట్లో బడి పోతే చేనుకే పోతాం, నేను చూపిస్తా అన్నా. నా గొంతు నాకే వినపడలా, ఇంగోసారి చెప్పినా.

“నువ్వు చెప్తే చాలదప్పా. ఊరి పెద్ద ఒకడు ఔననాల. కంపెనీ రూలు,” అన్నాడు. కోపంగా కాదు, నాకు మంచి చేస్తాండాననే.

జీపు నేరుగా ఊర్లో నిలిచింది. గౌడప్ప అంటే మా ఊరి పెద్ద, అరుగు మింద పడుకోనుండె. ఈ అబ్బాయి వాళ్ల అమ్మ సమాధి చేన్లో ఉండేది నిజమేనా అని సూపర్‌వైజరు అడిగినాడు. గౌడప్ప మెల్లిగా లేసి కూర్చొని, ఆ యమ్మను కాల్చినారు కదా అని నా మొగం చూసినాడు. నేను తల దించినా. గౌడప్ప అరుగు దిగి పక్కిండ్లోళ్లను పిలిచినాడు.

మేము చేనుకు పోయేసరికి వెనకాలే ఊరంతా వచ్చింది. పారలు, కిరసనాయిలు డబ్బా. ఎవురూ అరవలా. నాయన గూటం మింద చెయ్యేసి కూర్చోనుండె. గౌడప్ప ఆయన పక్కన గొంతుక్కూర్చొని చెప్పినాడు: “నీ మింద కోపం లేదప్పా. నీ మాదిరే మేమూ గొడ్లన్నీ అమ్ముకున్నాం. ఇంగ లెయ్.”

“ఆమెకు నిప్పంటే భయం,” అన్నాడు నాయన. ఇద్దరు రెక్కలు పట్టి ఎత్తి పక్కన కూర్చోబెట్టినారు. సూపర్‌వైజరు అడ్డం పోతే, నీ గూటం నువ్వు చూసుకో పో అన్నారు. తెల్లాయనకు ఏం జరుగుతాండేదో ఆయన చెప్పినాక, తెల్లాయన టోపీ తీసి పట్టుకొని ఎండలో అట్లే నిలబడినాడు. తవ్వి అమ్మను బయటికి తీసినాక, కొడుకును నేనే కాబట్టి నిప్పు నా చేతికిచ్చినారు.

ఇప్పుడు టవరు లేసింది, తెల్లాయన జరిపిన చోటనే. మాటంటే మాటే. కాళ్లు నాలుగూ అమ్మ చోటికి దూరంగానే ఉండాయి. ఆడ కంపెనీ తవ్వని గుంత ఒకటి ఉండాది, నాయన ఇంకా పూడ్చలా. మేకల్ని తోలుకపోయి దాని గట్టునే కూర్చుంటాడు. అమ్మను కాల్చిన సాయంత్రం మోడం కమ్మింది, అందరూ గడపల్లో నిలబడి చూసినారు, గాలికి అట్లే ఆంధ్ర దిక్కు పోయింది. మా మింద పడలా. కాల్చినా వాన రాలేదనే మాట ఎవురైనా వచ్చి నాయనతో అంటారేమో అని చూసినా. ఎవురూ రాలా.

మీరు పోతే మొదటి బస్సుకే పోండి. పావగడలోనే నీళ్లు నింపుకోండి, క్యాంపు దారిలో దొరకవు. వంట తాతను కలవండి, అన్నం పెడ్తాడు. సమాధి అంటే వాళ్లు నిజంగానే జరుపుతారు. కానీ ఆ మాట చెప్పేముందు ఒకటి ఆలోచించుకోండి, వాళ్లు మీ ఊర్లో అడిగినాకే జరుపుతారు.