రెండో ఫోటో హనుమప్ప

హిందూపురం బస్టాండు దగ్గర ఫోటో స్టూడియో పెట్టుకున్న హనుమప్పకు ఒక అలవాటు ఉండేది. ఎవరొచ్చి కూర్చున్నా రెండు ఫోటోలు తీసేవాడు. మొదటిది దిష్టికి అనేవాడు. ఆ దిష్టి ఫోటోలో జనం ఊపిరి బిగబట్టి, మెడ నిక్కించి, దొంగతనం కేసులో పట్టుబడినట్టు ఉండేవారు. క్లిక్కుమనగానే "అయిపాయె" అనేవాడు. వాళ్ళు హమ్మయ్య అని ఊపిరి వదిలేవారు. ఆయన తీరిగ్గా కెమెరా నెత్తిమీది బుడిపెను బొటనవేలితో తిప్పి, రీలు ముందుకు జరుపుతూ, "ఏమప్పా, మీ పక్క వానలెట్లుండాయి?" అని ఏదో ఒకటి అడిగేవాడు. జవాబు చెప్పబోయే ఆ ముఖాన్ని రెండోసారి పట్టేసేవాడు. చేతికిచ్చేది ఆ రెండోదే. రొళ్ల నుంచి వచ్చే రైతులు కూడా ఇంకో రెండు స్టూడియోలు దాటుకుని, "రెండో ఫోటో హనుమప్ప ఈడేనా ఉండేది?" అని అడిగి మరీ వచ్చేవారు.

ఆ బొటనవేలే పంతొమ్మిది వందల అరవై రెండో సంవత్సరం చలికాలంలో మొండికేసింది. కీలు వాచి, బుడిపె తిప్పబోతే ప్రాణం పోయినంత పనయ్యేది. యశోదమ్మ రోజూ ఆముదం వెచ్చచేసి మొగుడి వేలికి మర్దన చేసేది, చేస్తున్నంతసేపూ ఆ కెమెరాను తిట్టేది. వేలికి విశ్రాంతి ఇమ్మన్నాడు డాక్టరు. వేలికి విశ్రాంతి ఇస్తే స్టూడియోకీ విశ్రాంతే కదా, ఆ మాట డాక్టరుకేం తెలుసు!

ఎనిమిదేళ్ళ కిందట ఆ పాత కెమెరాను అమ్మిన బెంగుళూరు షాపతనికి ఉత్తరం రాస్తే, పెద్దమనిషి, రెండు పరికరాలు పంపాడు. రెండూ కెమెరా అడుగున బిగించేవే, రెండూ రీలు జరిపేవే. ఒకటి స్ప్రింగు మోటారు. అలారం గడియారానికి ఇచ్చినట్టు ముందే కీ ఇచ్చి పెట్టుకుంటే, మీట నొక్కినంతసేపూ దానంతటదే ఫోటో తీస్తుంది, రీలు జరుపుతుంది, మళ్ళీ తీస్తుంది. రెండోది ఉత్త చేతి వైండరు. అడుగున ఒక రేకు మడత విప్పి ఎడమచేతి వేళ్ళతో లాగితే రీలు ఒక్క ఫోటోకు సరిపడా జరుగుతుంది, అంతే. వారం వాడి చూసి ఒకటి ఉంచుకో, ఇంకొకటి వాపసు పంపు అని రాశాడు.

"దీంట్లో ఆలోచన చేసేదేముండాది?" అంది యశోదమ్మ. "నీళ్ళకి మోటారు పెట్టినోడు మళ్ళీ ఎద్దుల్ని కట్టి కపిల తోలతాడా? నీ ఏలు నాకు ముఖ్యమయ్యా. మోటారే పెట్టుకో."

హనుమప్పకూ లోపల అదే ఉంది. రీలు వేయకుండానే సాయంత్రమంతా బర్రు బర్రుమనిపించి, చంటిపిల్లాడిలా మురిసిపోయాడు.

ఆ సోమవారమే ధర్మవరం నుంచి పిలుపు వచ్చింది. మగ్గాల వీధిలో రామక్క అని, మొగుడు పోయినప్పటినుంచీ పట్టుమగ్గాలకు దారం కండెలు చుట్టి బతికే మనిషి. ఒక్కతే కూతురు సావిత్రి. అల్లుడు షోలాపూర్ మిల్లులో నేతపని చేస్తాడు, శుక్రవారం సాయంత్రం బండికి భార్యను తీసుకుని పోతున్నాడు. మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియదు. రామక్క బతుకులో ఒక్క ఫోటో కూడా లేదు.

"మా యమ్మ మొగం నాతోపాటు తీసకపోవాలన్నా, ఇంగేమీ వద్దు నాకు," అంది సావిత్రి, హనుమప్ప కెమెరా తీసుకుని వాళ్ళింటికి చేరగానే.

రామక్కను కుర్చీలో కూర్చోబెట్టి, హనుమప్ప మీట నొక్కాడు. మోటారు బర్రుమని రేగింది. ఆమె ఉలిక్కిపడి కుర్చీ చేతులు పట్టుకుంది. అలవాటు కొద్దీ "అయిపాయె" అన్నాడు గానీ, అప్పటికే ఏడు ఫోటోలు నిజంగానే అయిపోయాయి. ఇక బుడిపె తిప్పనక్కర లేదు, చేతికి పని లేదు, చేతికి పని లేకపోయేసరికి నోటికి మాటా రాలేదు. రామక్క లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఏడు తీశాను, ఒకటైనా బాగుండకపోతుందా అనుకుని, రైలు పెనుకొండ దాటేదాకా తన తెలివికి తానే మెచ్చుకుంటూ కూర్చున్నాడు.

మర్నాడు రీలు కడిగి చూస్తే ఏడూ ఒక్కటే. ఏడింటిలోనూ రామక్క ఒక్కలాగే బెదిరి ఉంది.

"ఎవరయ్యా ఈమె? పాముని తొక్కినట్టుండాది!" అంది యశోదమ్మ.

నిజానికి అవే ఇచ్చేసినా అడిగేవాళ్ళు లేరు. ఫోటో అంటే అట్లాగే ఉంటుందనుకుని దండం పెట్టి తీసుకునేవారు. హనుమప్పకు మాత్రం సిగ్గేసింది. ఆ పిల్ల పరాయి ఊళ్ళో గోడకు తగిలించుకుని పొద్దున లేస్తూనే చూసుకోవలసింది ఈ బెదురునా? అన్నం సయించలేదు. మోటారు విప్పి పక్కన పెట్టి, చేతి వైండరు బిగించాడు.

"ఏలు పాయెనంటే?" అంది యశోదమ్మ కోపంగా.

"పోతే నువ్వుండావు కదే తిప్పేకి," అన్నాడు. ఆమె నవ్వలేదు. అయినా పోయేటప్పుడు వేలికి గుడ్డ చుట్టి పంపింది.

బుధవారం పొద్దున మళ్ళీ ధర్మవరం. మళ్ళీ కుర్చీ. సావిత్రి ప్రయాణం సామాన్లకని బజారుకు పోయింది. మోటారు ఇంకా లోపలే దాక్కుందేమోనని రామక్క కెమెరాను అనుమానంగా చూసింది. కెమెరా పట్టు కుదరక అవస్థ పడి, అడ్డమొస్తోందని వేలి గుడ్డ విప్పేసి దిష్టి ఫోటో తీశాడు. కొయ్యబొమ్మలా కూర్చుంది. "అయిపాయె" అన్నాడు. ఇక రీలు జరపాలి. రేకు లాగేది ఎడమచేతి వేళ్ళే గానీ, లాగినప్పుడు కెమెరా కదలకుండా వెనక ఆనించి పట్టవలసింది కుడిచేతి బొటనవేలే. ఆ సంగతి బెంగుళూరు షాపతను రాయలేదు. హనుమప్ప బలంగా లాగాడు. కీలులో సూది దిగినట్టయింది.

"అమ్మా!" అన్నాడు, తనకు తెలియకుండానే.

రామక్క చటుక్కున ముందుకు వంగింది. "ఏమాయె నాయనా? ఏలికేమాయె?" అంటూ చేయి చాచింది.

ఆ ముఖాన్ని కెమెరా అద్దంలో చూసి హనుమప్ప నొప్పి మరిచిపోయాడు. నొక్కాడు. ఫోటో తీసిన సంగతి ఆమె గమనించనే లేదు. దగ్గరికొచ్చి వేలు పట్టుకుని, "కండెలు చుట్టీ చుట్టీ నాకూ ఇట్లనే ఉబ్బేది. ఉప్పు కాపడం పెట్టు," అని చెప్పి, ఉప్పు వేయించుకు రావడానికి వంటింట్లోకి వెళ్ళింది.

ఆ రాత్రే కడిగాడు. చాచిన చేయి కాస్త చెదిరింది. ముఖం మాత్రం ఎంత తేటగా ఉందంటే, కనురెప్పల వెంట్రుకలు కూడా లెక్కపెట్టవచ్చు. యశోదమ్మ ఆ బొమ్మను చాలాసేపు చూసింది. తర్వాత మోటారును అట్టపెట్టెలో పెట్టి, బెంగుళూరుకు పంపడానికి తానే దారం కట్టింది.

శుక్రవారం సాయంత్రం ధర్మవరం స్టేషన్లో బండి కదలబోతుండగా హనుమప్ప పరుగున వచ్చి, కూతుర్ని సాగనంపుతున్న రామక్క పక్కన నిలబడి, కిటికీలోంచి కవరు అందించాడు. సావిత్రి అక్కడికక్కడే విప్పింది. ఫోటోను చూసింది, చూస్తూనే ఉంది. కళ్ళ నిండా నీళ్ళు.

"నాకు జరమొచ్చినప్పుడు ఇట్లనే సూస్తుండె," అంది. కొంగుతో కళ్ళు తుడుచుకుని తలెత్తింది. "అన్నా, ఈ ఫోటో తీసేటప్పుడు మా యమ్మ ఎవర్ని సూస్తాండె?"

హనుమప్ప కుడిచెయ్యి గబుక్కున వెనక్కి పెట్టుకున్నాడు.

"నిన్నే తల్లీ," అన్నాడు. "నీ మాట ఎత్తినాను, అంతే, అట్ల సూసె."

బండి కదిలింది. సావిత్రి చేయి కనబడినంతసేపూ ఇద్దరూ నిలబడి చూశారు. చివరి పెట్టె కూడా పోయాక, అంత బొంకు రామక్క ముందరే ఆడినందుకు హనుమప్ప తల దించుకున్నాడు.

ఆమె ఆయన వెనక దాచుకున్న చేతిని ముందుకు లాగి, వాచిన వేలిని చూసింది.

"నువ్వు చెప్పింది అబద్ధమేం కాదులే నాయనా," అంది. "నొప్పని ఎవరు అమ్మా అన్నా, నాకు నా బిడ్డే కనపడతాది."