జిరాక్స్ మెషీన్ పక్కన రబ్బరు చెప్పులు

ఆ రోజు జిరాక్స్ మెషీన్ పక్కన చెప్పులు లేవు.

మా ఆఫీసు గద్వాలలో ఉంది. పత్తి విత్తనాలు పండించే రైతుల వివరాలు నమోదు చేసే ఒక ప్రైవేటు కంపెనీ అది. అందులో నేను నాలుగేళ్లుగా కంప్యూటర్ ఆపరేటర్‌ని. మేనేజర్ సార్ రోజూ పొద్దున లోపల దీపం పెడతాడు కాబట్టి అందరం చెప్పులు గడప బయటే విడవాలి. ఒక్క జతకు మాత్రం మినహాయింపు ఉండేది. జిరాక్స్ మెషీన్ ముట్టుకుంటే చురుక్కుమనేది. అందుకని దాని పక్కన రబ్బరు చెప్పులు పెట్టారు. కాపీ తీయాలనుకున్నవాళ్లు వాటిలో కాళ్లు పెట్టి, పని చూసుకుని, విడిచి రావాలి. కొత్తగా చేరినవాళ్లకు మేము మొదట నేర్పేది అదే. దాని మీద జోకులు కూడా వేసుకునేవాళ్లం. ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు మండుతుంది. కరెంటు కొట్టే మెషీన్‌ను బాగు చేయించకుండా దానికి చెప్పులు కొనిపెట్టిన ఆఫీసు మాది.

వానాకాలం మొదలైంది. రైతులు కాగితాలు పట్టుకుని వరుసగా నిలబడ్డారు. నేల అప్పుడే తుడిచారు. చెప్పులు ఎవరో బాత్రూంకు వేసుకుపోయారు. ఒక్క నిమిషం పని కదా అనుకుని వట్టి కాళ్లతో వెళ్లి, ఇరుక్కున్న కాగితం తీద్దామని మెషీన్‌కు పక్కవైపు ఉండే చిన్న ఇనుప తలుపు పట్టుకున్నాను.

చేయి వదలలేదు. నేను వదలాలనుకున్న కొద్దీ వేళ్లు ఇంకా బిగుసుకున్నాయి. పళ్లు కరుచుకుపోయి అరుపు కూడా రాలేదు. అటెండర్ నర్సన్న చూసి, చేతిలోని కట్టెతో వైరును కొట్టి ప్లగ్ ఊడగొట్టాడు. నేను కుప్పకూలాను. ఈ రోజు నేను ఇది చెప్పగలుగుతున్నానంటే ఆయన పుణ్యమే.

దగ్గర్లోని ఒక ప్రైవేటు దవాఖానకు తీసుకుపోయారు. ఈసీజీ తీశారు. "హార్ట్ బీట్ జర ఇర్రెగ్యులర్‌గ ఉందమ్మా, అబ్జర్వేషన్‌ల పెడ్తం" అన్నాడు డ్యూటీ డాక్టర్. మూత్రం నల్ల టీ రంగులో వచ్చింది. కండరాలు దెబ్బతిని రక్తంలో సీపీకే అనే ఎంజైము పెరిగిందని, కిడ్నీల మీద పడకుండా సెలైన్లు ఎక్కించారు. అరచేతిలో కాలినచోట డ్రెస్సింగ్ చేశారు. భుజం నొప్పి అంటే ముందు వైపు నుంచి ఒక ఎక్స్‌రే తీసి, "ఫ్రాక్చర్ లేదు, కండరం పట్టింది, అదే తగ్గుతది" అని మూడో రోజు ఇంటికి పంపించారు.

దవాఖానలో ఉండగానే, రెండో రోజు మేనేజర్ సార్ పండ్లు తీసుకుని చూడటానికి వచ్చాడు. "చెప్పులేసుకోకుంట ఎట్ల ముట్టుకున్నవమ్మా? అందరికి చెప్పిందే గదా" అన్నాడు. గోడ వైపు తిరిగి పడుకుని కోపంతో ఏడ్చాను.

బిజినేపల్లిలో మా అమ్మ దగ్గరికి వెళ్లాను. అమ్మ జీవితమంతా కూలి పని చేసింది, ఇప్పటికీ చేస్తుంది. తొమ్మిది రోజులైనా భుజం నొప్పి తగ్గలేదు. ఒక పొద్దున అమ్మ గోళీలు ఇస్తూ "చెయ్యి చాపు బిడ్డా" అంది. చాపాను కానీ అరచేయి పైకి తిరగలేదు. అమ్మ నా వెనక్కి వచ్చి నిలబడి చాలాసేపు చూసింది. "ఈ భుజం, ఆ భుజం ఒక్క తీరుగ లేవు. నడువు, ఇంకో డాక్టర్‌కు చూపిద్దాం" అంది.

మా ఆయన బాలరాజు వనపర్తిలో ఎముకల డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాడు. ఆమె పాత ఎక్స్‌రే చూసి పక్కన పెట్టేసింది. "కరెంట్ షాక్ అన్నరు గదా, అయితే పక్క నుంచి గూడ తీయాలె." తీశాక చూపించింది. "పోస్టీరియర్ డిస్‌లొకేషన్. షాక్ కొట్టినప్పుడు కండరాలు గట్టిగ గుంజితె భుజం ఎనక్కి జారుతది. ముందు నుంచి తీస్తే ఒక్కోసారి కనపడదు. ఇంకా ఆలస్యమైతే ఆపరేషనే చేయాల్సొస్తుండె." మత్తిచ్చి భుజం సరిచేశారు. భుజం కదలకుండా ఆరు వారాలు బ్రేస్ వేశారు.

బ్రేస్ తీశాక కూడా కుడిచేతి చిటికెన వేలు, దాని పక్క వేలు మొద్దుబారే ఉన్నాయి. నరాల టెస్ట్ చేయించారు. "ఆ రెండు వేళ్లకు పోయే నరం, అల్నార్ నర్వ్, స్లోగ పనిచేస్తుంది. తిరిగొస్తది, ఎంతవరకు వస్తదో మాత్రం నేను మాట ఇయ్యలేను" అంది డాక్టరమ్మ. పది వేళ్లతో బతికేదాన్ని నేను. మా ఇంట్లో కూలికి కాకుండా ఆఫీసుకు వెళ్లిన మొదటి మనిషిని. ఈ చేయి పోతే నేను మళ్లీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. తొందరపడి ఫిజియోథెరపీ వ్యాయామాలు చెప్పినదానికి రెట్టింపు చేశాను. భుజం వాచి, పది రోజులు అన్నీ ఆపాల్సి వచ్చింది.

ఆ పది రోజుల్లోనే మేనేజర్ సార్ మా అమ్మ ఇంటికి వచ్చాడు. టైపు చేసిన కాగితం తెచ్చాడు. రక్షణ చెప్పులు ధరించకపోవడం వల్ల, కేవలం నా అజాగ్రత్త వల్ల ప్రమాదం జరిగిందని అందులో ఉంది. నా చేతికి సంతకం పెట్టే బలం లేదని ముందే తెలుసుకున్నాడు కాబోలు, సంచిలోంచి ఇంకు ప్యాడ్ తీశాడు. "వేలిముద్ర పెట్టమ్మా, సరిపోతది."

మా అమ్మ ప్రతి కాగితం మీదా వేలిముద్రే వేసింది. నాకు ఆ అవసరం రాకూడదని నన్ను డిగ్రీ దాకా చదివించింది. ఆమె ముందే నా చేతిలో ఇంకు ప్యాడ్ పెడుతున్నాడు. నేను దాన్ని పక్కకు నెట్టాను.

"ఆ మెషీన్ ఎన్నడన్న టెస్ట్ చేయించిన్రా సార్?" అని అడిగాను.

"ఏడాదికోసారి చేయిస్తున్నం గదా. దాని మీద స్టిక్కర్ ఉంది. ఆ రిపోర్టు టైప్ చేసింది గూడ నువ్వే."

ఆయన అన్నది నిజం. ఏడాదికోసారి సేఫ్టీ టెస్టింగ్ అని కాంట్రాక్టర్ మనిషి వచ్చేవాడు. మేనేజర్ గదిలో చాయ్ తాగి స్టిక్కర్ల కట్ట ఇచ్చి వెళ్లేవాడు. నర్సన్న వాటిని ప్రతి మెషీన్ మీదా అంటించేవాడు. నేను పాత ఏడాది ఫైల్ తెరిచి తేదీ మార్చేదాన్ని. రీడింగులు అట్లాగే ఉంచేదాన్ని. ఒకసారి మూలన పడేసిన పాత ప్రింటర్ కూడా పాసైంది. మేనేజర్ మీద ఎంత కోపం ఉందో నా మీద నాకు అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది.

"అవును సార్, నేనే టైప్ చేసిన" అన్నాను. "అది గూడ రాస్త. కాని గిట్లాంటి కాగితం మీద మాత్రం వేలు పెట్ట."

ఆ సాయంత్రం నేను చెబుతుంటే బాలరాజు ఫిర్యాదు రాశాడు. మొదటి పేజీలో నేను చేసిన తప్పే రాయించాను. కార్మిక శాఖకు, ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్‌కు పంపే ముందు నర్సన్నకు ఫోన్ చేసి చెప్పాను. ఆయన "స్టిక్కర్ అంటించింది నేనే గదా బిడ్డా. నా పేరు గూడ రాయి" అన్నాడు. ఆయనకు రిటైర్ కావడానికి ఇంకా రెండేళ్లున్నాయి.

ఇన్‌స్పెక్టర్ మీటర్ తెచ్చి చూశాడు. మూడు పిన్నుల ప్లగ్ సాకెట్‌లో పట్టలేదని లీకైన కరెంటును భూమిలోకి పంపే ఎర్త్ పిన్నును ఎవరో కోసేశారు. పక్క గదిలో విత్తనాల శాంపిళ్ల కోసం వచ్చే ఎలుకలు మెషీన్ లోపలి వైరు కొరికాయి. ఆ వైరు ఇనుప బాడీకి తగులుతోంది. ఆయన రిపోర్టులో నా అజాగ్రత్త అన్న మాట లేదు. మేనేజర్ సార్ మాత్రం ఆ కుర్చీలోనే ఉన్నాడు. "గింత దూరం ఎందుకు తెస్తివమ్మా" అని ఇప్పటికీ అంటాడు.

ఎనిమిది నెలలైంది. తల దువ్వుకోగలుగుతున్నాను. ఉంగరం వేలికి చాలావరకు స్పర్శ వచ్చింది. చిటికెన వేలికి వేడీ చల్లా ఇంకా తెలియవు, వంట దగ్గర రెండుసార్లు కాల్చుకున్నాను. ఎంటర్ కీ మధ్య వేలితో నొక్కుతున్నాను. వేగం తగ్గింది కానీ పని చేస్తున్నాను.

ఈసారి టెస్టింగ్‌కు వచ్చిన మనిషి స్టిక్కర్లు తీయగానే, ముందు మీటర్ తీయమన్నాను. ప్రతి మెషీన్ దగ్గరా అతని పక్కన నిలబడ్డాను. "మేడం, గిట్లయితె పొద్దుగూకుతది" అన్నాడు. "కానియ్యన్నా" అన్నాను. చివరికి వరండాలోని వాటర్ కూలర్ దగ్గరికి వచ్చాం. మీటర్ పెట్టి చూసి అతనే వైరు పీకేశాడు. ఎర్త్ లేదు. నాలుగేళ్లు నేను పాస్ అని టైప్ చేసిన కూలర్ అది.

మీ ఆఫీసులో ఏ వస్తువు ముట్టుకున్నా చురుక్కుమంటే, ఆ రోజే ప్లగ్ తీసేయండి. మీ కళ్ల ముందు మీటర్ పెట్టి ఎర్తింగ్ చూసేదాకా మళ్లీ పెట్టనివ్వకండి. మా ఆఫీసు వరండాలో, ఆ కూలర్ దగ్గరే రైతులు పిల్లల్ని ఎత్తుకుని నీళ్లు తాగిస్తారు.